మిద్దె మీద కుట్టిన పడవ

శ్రోతలకు నమస్కారం.

పెరంబూరులో మా మిద్దె మీద పడవ చేస్తున్నానని తెలిసి మా మేనమామ చూడ్డానికి వచ్చాడు. నేనప్పుడు రెండు పలకల అంచులు కలిపి రాగితీగతో కుడుతున్నాను. కాసేపు చూసి, "ఒరేయ్, పడవ చేస్తున్నావా, విస్తరి కుడుతున్నావా?" అన్నాడు.

వేళాకోళానికే అన్నా, పని మాత్రం అలాంటిదే. ఏడెనిమిది అడుగుల పడవకి 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ రెండు మూడు షీట్లు చాలు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర, అంటే మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశపు ప్రమాణం నంబరు, ఉందో లేదో చూసుకోవాలి. కొట్టువాళ్లు ఐఎస్ 303 అని ఉన్న మామూలు ప్లైవుడ్ చూపించి "ఇదీ వాటర్‌ప్రూఫే సార్" అంటారు. అది వంటింటి అరలకి సరిపోతుంది, పడవకి కాదు. పలకలు కోసి, అంచుల వెంట జానెడుకో బెజ్జం వేసి, తీగ దూర్చి మెలిపెడతాం. పొద్దున చదునుగా పడున్న చెక్క సాయంత్రానికి పడవై లేచి కూర్చుంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పూట అదే. తర్వాత ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, అందులో సన్నని రంపపు పొట్టు కలిపి మూలల్లో మెత్తి, పైన ఫైబర్ గ్లాస్ గుడ్డ పట్టీ అంటించాలి.

మద్రాసు ఎండలో ఈ ఎపాక్సీతో జాగ్రత్త. మే నెలలో ఓ రోజు పదకొండింటికి మగ్గు నిండా కలిపాను. కాసేపటికే పొగలొచ్చి, మగ్గుతో సహా రాయైపోయింది. ఎక్కువ కలిపితే దాని వేడికి అదే తొందరగా గట్టిపడుతుంది. అప్పట్నుంచి తెల్లారకముందే లేచి, టీ గ్లాసుడు చొప్పున వెడల్పు పళ్లెంలో కలుపుకున్నాను. తెరచాప అంటారా, టార్పాలిన్ కోసి కుట్టించాను. తెరచాప కొయ్యకి వెదురు.

కుట్టుపడవ ఈ ఊరికి కొత్తేమీ కాదు. హార్బరు కట్టకముందు ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. అలలు దాటించి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. వాటికి ఇనుప మేకు ఉండదు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల తెచ్చి ఇసుకకేసి కొట్టినా కుట్టు కాస్త ఒదుగుతుంది. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందనేవాళ్లున్నారు. మాది ఆ పక్క ఊరే, కాబట్టి నేనూ అదే నమ్ముతాను!

నా పడవకి ఆ ఒదుగు లేదు. ఎపాక్సీ పట్టాక బిర్రబిగుసుకుంటుంది. అందుకే మెరీనా అలల జోలికి పోకుండా, మినీ వ్యాన్‌లో వేసుకుని పులికాట్ సరస్సుకి వెళ్లాం.

గాలికి పడవ పక్కకి జారకుండా నడుమ గాడిలోంచి ఒక పలక నీళ్లలోకి దింపుతారు. ప్లానులో ఉన్నట్టే మూడడుగులది చేశాను. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచింది. తెరచాప నిండింది. పడవ ఇరవై గజాలు వెళ్లి, మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. నాకు టెన్షన్. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తెలుగులోనే కేకేశాడు: "సామీ, పలక పైకి లాగండి! బురదలో దిగింది. ఇక్కడ మొలలోతు కూడా ఉండదు!"

సగం లాగాను. కదిలింది, కాస్త పక్కకి జారుతూనే. తిరిగొచ్చేటప్పుడు గాలి ఎదురు. ఎన్నిసార్లు ఏటవాలుగా మళ్లించినా సగం పలకతో ముందుకు రాలేదు. చివరికి నీళ్లలోకి దిగి తోసుకొచ్చాను.

పెద్దాయన వంగి అడుగు తడిమి చూశాడు. చుక్క నీరు లేదు. బెజ్జాల వరస మీద బొటనవేలు రాసి, "కుట్టు బాగుంది సామీ. పలకే పొడుగు" అన్నాడు.

ఇంటికొచ్చి జానెడు కోశాను.