లేజర్లన్నీ ఒకే ఫేజ్‌లో వెలగాలంటే

వ్యాఖ్యాత: నమస్కారం. సెమీకండక్టర్ లేజర్లను ఒకే చిప్ మీద వరుసగా పేర్చి, అన్నింటి కాంతినీ ఒకే బీమ్‌గా మార్చడం ఎందుకింత కష్టం? స్టూడియోలో ఒక ఫోటోనిక్స్ పరిశోధకురాలు, లేజర్ యంత్రాలు తయారుచేసే ఇంజినీరు ఉన్నారు. మేడమ్, ఒక్క లేజర్‌కే పవర్ పెంచుకుంటే సరిపోదా?

పరిశోధకురాలు: కాలిపోతుందండీ. కాంతి బయటికొచ్చే ముఖం కొన్ని మైక్రాన్ల వెడల్పే ఉంటుంది. పవర్ హద్దు దాటితే ఆ ముఖమే దెబ్బతింటుంది. పోనీ వెడల్పు చేద్దామంటే బీమ్ చెదిరిపోతుంది. అందుకే సన్నటి చారలుగా లేజర్లు చాలా వేసి (ఈ వరుసనే అర్రే అంటాం), వాటి ఫేజ్ కలపాలనుకున్నారు, అంటే అన్నింటి కాంతి అలలూ ఒకేసారి లేచి ఒకేసారి దిగాలి. 1978లో జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో సిఫ్రెస్, బర్న్‌హామ్, స్ట్రైఫర్ చేసి చూపించారు కూడా.

ఇంజినీరు: ఒక్క మాట మేడమ్. ఫ్యాక్టరీల్లో వాడే సెంటీమీటరు డయోడ్ బార్లలో, అంటే ఈ సెమీకండక్టర్ లేజర్లను వరుసగా పేర్చిన చిప్‌లలో, దేని ఫేజ్ దానిదే. అయినా పని ఆగలేదు. 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నియోడిమియం యాగ్ రాడ్‌ను (మరో రకం లేజర్‌లోని స్ఫటికాన్ని) పంప్ చేయడానికి, అంటే కాంతితో దానికి శక్తినివ్వడానికి, వాట్లుంటే చాలు.

పరిశోధకురాలు: పంపింగ్ వరకు ఒప్పుకుంటాను సార్. కానీ నేరుగా డయోడ్ కాంతితోనే ఉక్కు కోయాలంటే? పది లేజర్లు విడివిడిగా వెలిగితే బీమ్ మధ్యలో తీవ్రత పది రెట్లవుతుంది. ఒకే ఫేజ్‌లో వెలిగితే వంద రెట్లు! కొత్తగా శక్తేమీ పుట్టదు, బీమ్ పదో వంతుకు సన్నబడుతుంది.

వ్యాఖ్యాత: మరి 1978లోనే సాధిస్తే, తర్వాత ఎక్కడ ఆగింది?

పరిశోధకురాలు: ఫేజ్ కలుస్తుంది, కాకపోతే మనకు అక్కర్లేని తీరులో కలుస్తుంది. కోలాటంలో ఒకరు కర్ర పైకెత్తినప్పుడు పక్కవారు కిందికి దించితే ఎలా ఉంటుందో అలా. చారల మధ్య జాగాకు కరెంటు సరిగా అందదు, అక్కడ కాంతి ఇంకిపోతుంది. పక్కపక్క లేజర్లు ఎదురు ఫేజ్‌లో ఉంటే ఆ జాగాలో రెండింటి కాంతీ రద్దయిపోతుంది కాబట్టి నష్టం తక్కువ. అందుకని అర్రే తనంతట తానే ఆ మోడ్‌కు, అంటే ఆ తీరుకు పోతుంది. దూరం నుంచి చూస్తే రెండు మచ్చలు, నడిమధ్య చీకటి! 1984లో కాల్‌టెక్‌లో కపాన్, కాట్జ్, యారివ్ అర్రే అంతా కలిసి వెలిగే ఇలాంటి తీరుల, అంటే సూపర్‌మోడ్ల లెక్క తేల్చారు.

ఇంజినీరు: వేడి సంగతీ చెప్పాలి. అంచు చారల కంటే మధ్య చారలు ఎక్కువ వేడెక్కుతాయి, వక్రీభవన గుణకం మారుతుంది, దాంతో లోపల కాంతి వేగం మారి ఫేజ్ తప్పుతుంది. తక్కువ కరెంటులో చక్కగా ఉన్న బీమ్, పెంచగానే చెదిరిపోతుంది. మాకు టెన్షనంతా అక్కడే.

వ్యాఖ్యాత: దీనికి విరుగుడు దొరికిందా?

పరిశోధకురాలు: కొంత దొరికింది. 1980ల చివర్లో బోటెజ్ బృందం కాంతిని చారల్లో బంధించకుండా పక్కలకు పారనిచ్చింది. అప్పుడు ప్రతి లేజరూ పక్కదానితోనే కాదు, అన్నింటితోనూ కలుస్తుంది. నాకు బాగా నచ్చిన ఉపాయం అదే. బయట తగిన దూరంలో అద్దం పెట్టి, తిరిగొచ్చే కాంతితో లేజర్లను కలిపే టాల్బోట్ పద్ధతీ ఉంది. ఇక క్యోటో విశ్వవిద్యాలయంలో నోడా బృందం 2023లో 3 మిల్లీమీటర్ల ఫోటోనిక్ క్రిస్టల్ లేజర్ (లోపల అతి సన్నటి రంధ్రాలు క్రమంగా ఉన్న పొర కాంతిని అదుపు చేసే లేజర్) నుంచి ఆగకుండా 50 వాట్లు రాబట్టింది. బీమ్ విస్తరణ 0.05 డిగ్రీలే.

ఇంజినీరు: అది అర్రే కాదు కదా మేడమ్, ఒకటే పెద్ద లేజర్.

పరిశోధకురాలు: నిజమే. విడివిడిగా చేసి తర్వాత కలపడం కన్నా మొదటి నుంచీ విడిపోనివ్వకపోవడమే మేలని నా నమ్మకం. అలాగని అర్రేలను వదిలేయలేదు. 2021లో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్, జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 30 నిలువు లేజర్లను, అంటే చిప్ అంచు నుంచి కాక పైముఖం నుంచి కాంతి వదిలేవాటిని, ఒక్కటిగా పనిచేయించారు.

ఇంజినీరు: ఫ్యాక్టరీలో నెలల తరబడి ఆపకుండా నడిపినా ఫేజ్ నిలబడుతుందని చూపించండి, నేనే ముందు కొంటాను.

పరిశోధకురాలు: అయితే చిప్‌ను రాగి దిమ్మకు అతికించే సోల్డర్ దగ్గర మొదలుపెట్టాలి సార్. అందులో చిన్న గాలి బుడగ ఉన్నా అక్కడ వేడి పెరిగి ఆ లేజర్ ఫేజ్ తప్పుతుంది.

వ్యాఖ్యాత: ఆ సోల్డర్ సంగతి విరామం తర్వాత.