పండగ పూట పిల్లల్ని చూసుకుంటే రేటు ఎలా కట్టాలి

అందరికీ నమస్కారం.

ఇళ్లలో పిల్లల్ని చూసుకునేవారికి మామూలు రోజుల్లో రేటు దగ్గర పెద్దగా పేచీ రాదు. పండగ దగ్గరపడ్డాకే మొహమాటం మొదలవుతుంది. ఎంత అడగాలో మీకు తెలియదు, ఎంత ఇవ్వాలో పిల్లల ఇంటివాళ్లకూ తెలియదు. చివరికి "మీకు తోచింది ఇవ్వండి" అనేస్తారు. దయచేసి ఆ మాట అనకండి. మీ ఇంటివాళ్లతో గడపాల్సిన పూటను వదులుకుని వెళ్తున్నారు. దానికో వెల ఉంది, ఆ వెలను లెక్క వేసి చెప్పొచ్చు.

ముందుగా మీరున్న చోట చట్టం ఏం చెబుతోందో చూడండి. సెలవు రోజు పనికి ఇంత ఇవ్వాలని అందులో ఉంటే, మీ బేరం అక్కణ్నుంచి పైకే తప్ప కిందికి దిగకూడదు. ఏమీ లేకపోతే మీరూ వాళ్లూ రాసుకున్నదే ఆధారం.

జీతం మీద పనిచేసేవారు ఎక్కువగా నష్టపోయేది ఒక్కచోట. జీతంతో కూడిన సెలవు వేరు, సెలవు రోజు పనిచేసినందుకు ఇచ్చే అదనపు డబ్బు వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే నష్టం. లెక్క చూడండి. గంటకు 100 అనుకుందాం. రోజుకు 9 గంటలు, వారానికి 5 రోజులు, మొత్తం 4500. బుధవారం పండగ, జీతంతో సెలవు ఇస్తామని ముందే ఒప్పుకున్నారు. తీరా "రండి, ఆ రోజుకు ఒకటిన్నర రెట్లు ఇస్తాం" అన్నారు. మిగతా నాలుగు రోజులకు 3600, బుధవారానికి 1350, మొత్తం 4950 చేతిలో పెట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంట్లో ఉన్నా మీకు 4500 వచ్చేది! అంటే 9 గంటలు పనిచేసినందుకు అదనంగా దక్కింది 450, గంటకు 50. పండగ పూట సగం రేటుకు చేసినట్టయింది.

న్యాయంగా అయితే సెలవు జీతం అలాగే ఉంచి, దానిమీద 1350 కలిపి 5850 ఇవ్వాలి. అంత ఇవ్వలేమంటే 4950 తీసుకుని, బదులుగా జీతంతో కూడిన మరో సెలవు అడగండి. ఆ సెలవు ఏ తేదీనో అప్పుడే రాయించుకోండి. "తర్వాత చూద్దాం" అన్న సెలవు సాధారణంగా రాదు.

గంటల లెక్కన వెళ్లేవారికి నా సూచన ఇది: చిన్న పండగలకు ఒకటిన్నర రెట్లు, అందరూ ఇంట్లోనే ఉండాలనుకునే రెండు మూడు పెద్ద రోజులకూ కొత్త సంవత్సరం ముందు రాత్రికీ రెండు రెట్లు. ఎప్పుడూ పిలిచే ఇంటికి కొంచెం తగ్గించాలనిపిస్తే 1.25 రెట్ల దాకా తగ్గండి, అంతకంటే కిందికి దిగితే ఆ పూట ఇంట్లో ఉండటమే మేలు. రేటు తగ్గించినా కనీస గంటలు మాత్రం తగ్గించవద్దు. పండగ రోజు రెండు గంటల పని కూడా పూటంతా మింగేస్తుంది కాబట్టి కనీసం 4 గంటల డబ్బు అడగడం సబబే.

పండగ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గడియారం ప్రకారం చెప్పండి. ముందు రోజు సాయంత్రం 6 నుంచి పండగ రోజు ముగిసే అర్ధరాత్రి 12 దాకా అనుకోవచ్చు. ఇది తేల్చుకోకపోతే రాత్రి 12 దాటాక ఏ రేటో అన్న తగవు తలుపు దగ్గర నిలబడి తేల్చుకోవాల్సి వస్తుంది.

రెండో బిడ్డకు మీరు అదనంగా తీసుకునేది ముందు కలిపి, ఆ తర్వాత హెచ్చించండి. 100కు 20 కలిపి ఒకటిన్నర రెట్లు చేస్తే 180. చివర్లో కలిపితే 170. పండగకు చుట్టాల పిల్లలూ చేరతారు, కాబట్టి ఎంతమంది ఉంటారో, ఏ వయసువారో ముందే అడగండి. రాత్రి తిరుగు ప్రయాణం ఖర్చును మాత్రం హెచ్చించకుండా ఎంతైతే అంతే విడిగా తీసుకోవాలి. ఓవర్‌టైమ్, పండగ ఒకే గంటలో వస్తే, చట్టం వేరేగా చెప్పనంత వరకు రెండింటిలో ఏది ఎక్కువైతే అది. రెండు రెట్ల పండగ రేటు మీద ఒకటిన్నర రెట్ల ఓవర్‌టైమ్ వేస్తే మూడు రెట్లవుతుంది, అది ఎవరికీ మింగుడుపడదు.

ఇంట్లోనే ఉండి పనిచేసేవారి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. వారానికి కనీసం వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలనీ, విశ్రాంతి రోజున ఆ ఇంట్లోనే ఉండాలని బలవంతపెట్టకూడదనీ అందులో ఉంది. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండే సమయాన్ని కూడా దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు పని గంటలుగానే లెక్కించాలంటుంది. కాబట్టి "పాప నిద్రపోతోంది కదా, మీకేం పని" అన్నా ఆ గంటలు లెక్కలోకి రావాలి. కుటుంబంతో పాటు ఊరు వెళ్తే, దారిలో పిల్లల్ని చూసుకున్న గంటలూ అంతే. అయితే అరుదుగా, వృత్తిగా కాకుండా చేసేవారికి ఈ ఒడంబడిక వర్తించదు. వాళ్లకు ముందు మాట్లాడుకున్న మాటే రక్ష.

రద్దు గురించీ మాట్లాడుకోండి. వాళ్ల కోసం మీరు వేరే పిలుపులు కాదన్నాక వాళ్లు మానుకుంటే ఆ పూట పోయినట్టే. పనికి ఇక మూడు రోజుల లోపే ఉందనగా చెబితే సగం, 24 గంటల లోపే ఉందనగా చెబితే పూర్తి డబ్బు అడగడం న్యాయమే. మీకూ ఒక నియమం ఉండాలి: మీరు రాలేకపోతే అడ్వాన్స్ అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. పండగ కానుక ఇస్తే సంతోషంగా తీసుకోండి, కానీ దాన్ని రేటులో జమ వేయనివ్వకండి.

ఇవన్నీ కనీసం నాలుగు వారాల ముందు మెసేజ్‌లో పంపండి. మాటలు ఇలా ఉంటే చాలు: "ఆ రోజు సాయంత్రం 6 నుంచి 11 దాకా వస్తాను. ఇద్దరు పిల్లలకు గంటకు నా మామూలు రేటు 120, పండగ కాబట్టి 180. ఐదు గంటలకు 900. తిరుగు ప్రయాణం ఖర్చు విడిగా. సగం అడ్వాన్స్, మిగతాది ఆ రాత్రి బయల్దేరే ముందు. సరేనంటే ఆదివారం లోపు చెప్పండి, ఆ తర్వాత వేరేవాళ్లకు మాటిస్తాను."