హామ్‌స్టర్ ఎన్ని గంటలకు కరిచింది?

నమస్కారం. ఎలుకను పోలిన చిన్న పెంపుడు ప్రాణి హామ్‌స్టర్. అది కరిచిందని ఎవరైనా చెప్పగానే, ఎన్ని గంటలకు కరిచిందని నేను అడుగుతాను. చాలాసార్లు పగటి పూటే అని జవాబు వస్తుంది. గూటిలో ముడుచుకుని నిద్రపోతున్న ప్రాణిని పైనుంచి పిడికిట పట్టి లేపి, అది కరవగానే దానికి పొగరని తీర్పు చెప్పేవారిని చూస్తే నాకు చిరాకు కలుగుతుంది. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, తలుపు వేసుకుని పడుకున్న మనిషిని ఊహించుకోండి. మిట్టమధ్యాహ్నం అతని దుప్పటి లాగేసి, కాసేపు మాతో ఆడమంటే అతను ఊరుకుంటాడా?

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. టర్కీలోని పొలాల్లో అడవి ఆడ హామ్‌స్టర్లను గమనించిన పరిశోధకులు, అవి పగటి వెలుగులోనే బయట తిరుగుతున్నాయని 2008లో ప్రకటించారు. పంజరంలో మాత్రం అదే జాతి రాత్రిపూట తిరుగుతుంది. అంటే ఈ రాత్రి డ్యూటీ దానికి పుట్టుకతో వచ్చినది కాకపోవచ్చు. అయినా మీ ఇంట్లో ఉన్నది ఆ డ్యూటీలోనే ఉంది కనుక, చీకటి పడ్డాక అది తానుగా బయటికి వచ్చేదాకా ఆగి, అరచేతిలో గింజ పెట్టి, అదే చేతి మీదికి ఎక్కేలా అలవాటు చేయాలి.

[తెర మీద: ఉత్తర సిరియా, దక్షిణ టర్కీ పటం]

మనం ఎక్కువగా పెంచుకునే సిరియన్ హామ్‌స్టర్ సొంత ప్రాంతం ఇదే. 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రజ్ఞుడు అలెప్పో సమీపంలోని పొలంలో నేల తవ్వించి, ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టించాడు. కలవరపడిన ఆ తల్లి ఒక పిల్లను అక్కడికక్కడే చంపేసింది. ఈనిన హామ్‌స్టర్ గూటిలో చేయి పెట్టవద్దని చెప్పడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ అక్కర్లేదు. బతికిన పిల్లలు జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చేరాయి; ఈనాటి పెంపుడు సిరియన్ హామ్‌స్టర్లలో దాదాపు అన్నీ వాటి సంతతే.

ఆ ప్రాంతంలో కలుగులను కొలిచిన పరిశోధకులకు సగటున 65 సెంటీమీటర్ల లోతు కనిపించింది. ఏ కలుగులోనూ ఒకటికి మించి ఎదిగిన హామ్‌స్టర్ లేదు. మనం చేస్తున్నదేమిటంటే, ఆ డ్యూటీ మనిషికి తలుపులు లేని, దీపాలు ఆరని హాలులో పడక వేసి, ఒంటరిగా ఉన్నాడని జాలిపడి, ముక్కూమొహం తెలియని మరొకరిని పక్కన పడుకోబెడుతున్నాం. సిరియన్ హామ్‌స్టర్లు ఎదిగాక ఒకే పంజరంలో ఉంటే రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి, ఒక్కోసారి ఒకటి చనిపోతుంది. తోడు కావాలన్నది మన కోరికే తప్ప దానిది కాదు.

లోతు సంగతి ఇంకా ముఖ్యం. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హామ్‌స్టర్లను మూడు గుంపులు చేసి, పంజరాల్లో 10, 40, 80 సెంటీమీటర్ల మందాన పొట్టు పరిచి చూశారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 10 సెంటీమీటర్ల వాటిలో ఊచలు కొరికే అలవాటు ఎక్కువగా కనిపించగా, 80 సెంటీమీటర్ల వాటిలో అది ఒక్కసారి కూడా కనిపించలేదు. కాబట్టి రాత్రంతా టకటకమని ఊచలు కొరికే హామ్‌స్టర్ పళ్ళు అరగదీసుకుంటోందని సరిపెట్టుకోకండి, ముందు పొట్టు లోతు కొలవండి. రంగురంగుల గొట్టాలు, బొమ్మ మెట్లు అమర్చి అడుగున రెండు వేళ్ళ మందాన పొట్టు చల్లే పంజరాలు, నా ఉద్దేశంలో, కొనేవారి కళ్ళ కోసం చేసినవి.

[తెర మీద: బుగ్గలు ఉబ్బిన హామ్‌స్టర్, దగ్గరి నుంచి]

ఈ దృశ్యాన్ని నెమ్మదిగా చూడండి. బుగ్గ సంచులు భుజాల దాకా సాగుతాయి. కలుగు మూలకు చేరాక అది ముందు పాదాలను చెవుల వెనుక ఆనించి, బుగ్గలను ముందుకు తోస్తుంది. గింజలు ఒక్కొక్కటే తడి తడిగా జారి పడతాయి. అదంతా దాని దాపుడు. శుభ్రం పేరుతో రోజూ ఆ కుప్పను ఊడ్చివేయడమంటే డ్యూటీ మనిషి జీతాన్ని రోజూ జేబులోంచి తీసేయడమే. కుళ్ళే కూరగాయ ముక్కలు మాత్రం తీసివేసి, ఎండు గింజలను ఉండనివ్వండి.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. సిరియన్ హామ్‌స్టర్‌కు చక్రం దాదాపు 28 సెంటీమీటర్ల వ్యాసంతో, ఊచలు లేకుండా నున్నగా ఉండాలి. పరుగెత్తేటప్పుడు వీపు వంగితే చక్రం చిన్నదని అర్థం. నీళ్ళతో స్నానం చేయించకండి, గిన్నెలో పొడి ఇసుక పెడితే చాలు. దూది పరుపులు కాళ్ళకు చుట్టుకుంటాయి కనుక వద్దు. తోక చుట్టూ తడి, విరేచనాలు కనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగకుండా పశువైద్యునికి చూపించండి, ఎందుకంటే చిన్న వయసు హామ్‌స్టర్లను ఆ జబ్బు చాలా వేగంగా చంపుతుంది. చలికాలంలో అది చల్లబడి, బిగుసుకుని, కదలక పడి ఉంటే చనిపోయిందని వెంటనే పాతిపెట్టకండి. చలికి శరీరం మందగించి, ఊపిరి ఎప్పుడో ఒకసారి మాత్రమే ఆడే స్థితి కూడా అలాగే కనిపిస్తుంది. మీసాల కదలికను కొన్ని నిమిషాలు గమనించి, గదిని నెమ్మదిగా వెచ్చబరచి, వైద్యునికి ఫోన్ చేయండి.