గవ్వలు, పేకముక్కలు, వరద గోదారి: లంకలో రోల్ ప్లేయింగ్ ఆట మొదలుపెట్టడం ఎలా

(తెర: గచ్చు మీద సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మా గడులు. నాలుగు గవ్వలు దొర్లుతాయి. మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా.)

మూడు పడింది. ఇప్పుడు ఏ కాయ జరపాలి? ఇంటికి దగ్గరపడ్డ కాయనా, ఎదుటివాడికి దొరికిపోయేలా వెనకాల ఉన్నదాన్నా? ఆ ఒక్క క్షణం ఆలోచన ఉంది చూశారా, డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి రోల్ ప్లేయింగ్ ఆటంతా, అంటే తలో పాత్రా తీసుకుని కథ నడిపే ఆటంతా, దాని మీదే నడుస్తుంది. గవ్వ మన మాట వినదు, కాయ వింటుంది.

ఈ వీడియోలో ఆ ఆటని గోదావరి లంకలో, కరెంటు లేకపోయినా, కొత్తగా ఒక్క వస్తువూ కొనకుండా మొదలుపెట్టే పద్ధతి చెబుతున్నాం. నలుగురు ఆటగాళ్లు, నడిపించడానికి ఒకరు, మూడు గంటల సమయం ఉంటే చాలు.

ముందు మన ఇంట్లో ఆటల సంగతి చూద్దాం, ఎందుకంటే మీకు సగం ఆట ఇప్పటికే వచ్చు. వైకుంఠపాళిలో పాచిక వేయడం తప్ప మనం చేసేదేమీ లేదు. నిచ్చెనొస్తే ఎక్కుతాం, పామొస్తే దిగుతాం. చిన్నపిల్లలకి లెక్క నేర్పడానికి బాగుంటుంది, అంతకుమించి అందులో ఆట లేదని మా అభిప్రాయం. పులి-మేక దానికి పూర్తిగా ఎదురు. మూడు పులులు, పదిహేను మేకలు, అదృష్టం అన్న మాటే లేదు. ఓడితే తప్పు మీదే. చాలా గొప్ప ఆట, కానీ బాగా వచ్చినవాడితో కొత్తవాడు కూర్చుంటే పది నిమిషాల్లో లేచిపోతాడు. అష్టాచెమ్మా ఈ రెండిటికీ మధ్యలో ఉంది, అందుకే ముసలమ్మా మనవడూ ఒకే గచ్చు మీద కూర్చుని ఆడగలుగుతున్నారు. ఒక్క కాయనైనా చంపితే గానీ లోపలి వరసలోకి పోనివ్వని నియమం ఒక్కటి చాలు, ఎంత మెత్తటివాణ్ణయినా పోట్లాటలోకి దింపుతుంది. క్యారమ్స్ మాకూ ఇష్టమే గానీ, శ్రావణమాసపు తేమకి బోర్డు మీద పౌడరు ముద్దకట్టి కాయిన్ సాగదు. డబ్బు పెట్టి ఆడే పేకాట, సంక్రాంతి బరుల్లో పందేలు, ఇవి కాలక్షేపం కిందకే రావు. పందెం పెట్టాక మనిషి ఆట చూడడు, డబ్బే చూస్తాడు.

(తెర: ఒక పక్క నాలుగు గవ్వలు, ఇంకో పక్క ఇరవై ముఖాల పాచిక.)

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని అచ్చువేసినప్పటి నుంచీ దాని మూల సూత్రం ఒక్కటే. ఒకరు కథలోని లోకాన్ని వర్ణిస్తారు. మిగతావాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. అది జరుగుతుందో లేదో సందేహమైనప్పుడు పాచిక తేలుస్తుంది. వర్ణించేవాణ్ణి డీఎం, అంటే డంజన్ మాస్టర్ అంటారు. మనం సూత్రధారి అందాం. బుర్రకథ విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. కథకుడికి అటూ ఇటూ హాస్యం, రాజకీయం చెప్పే వంతలు అడ్డుపడి అడుగుతుంటేనే కథ రక్తికడుతుంది. ఇక్కడ ఆ వంతలు నలుగురు, పైగా కథ ఎటు పోవాలో కూడా వాళ్లే చెబుతారు.

నియమాల పుస్తకం కొనక్కర్లేదు. అయిదో ఎడిషన్ మూల నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేశారు. ఎస్ఆర్‌డీ 5.1 అని వెతకండి. 400 పేజీలు దాటుతుంది, అంతా చదవకండి. పాత్ర తయారీ, పరీక్షలు, పోరాటం, ఈ మూడు భాగాలు సూత్రధారి చదివితే మొదటి ఆటకి సరిపోతుంది.

ఇక పాచిక. ఈ ఆటకి ఇరవై ముఖాల పాచిక కావాలి, అది పల్లెటూరి కొట్లో దొరకదు. గవ్వలతో సరిపెట్టొచ్చా? ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. గవ్వ వెల్లకిలా పడటం, బోర్లా పడటం సమానం అనుకుంటే, నాలుగు గవ్వలకి పదహారు రకాలుగా పడే వీలుంది. అందులో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. చెమ్మా పడేది ఒక్కటే, అష్టా పడేది ఒక్కటే. అంటే మధ్య అంకెలే ఎక్కువ పడతాయి. ఇరవై ముఖాల పాచిక అలా కాదు. 1 పడటానికీ 20 పడటానికీ 11 పడటానికీ ఒకటే అవకాశం, నూటికి అయిదు. నియమాల్లోని అంకెలన్నీ ఆ లెక్క మీదే కట్టారు.

లూడో పాచికలు మూడు వేసి కూడితే? అదీ మధ్యలోనే గుమిగూడుతుంది. 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ కావాలంటే ఇరవై ముఖాల పాచికకి నూటికి 30 అవకాశం, మూడు లూడో పాచికలకి 9 మాత్రమే. ఈ తేడా తెలీక ఆడితే నడిమి కష్టం అనుకున్న ప్రతి పనీ అసాధ్యమై కూర్చుంటుంది. తప్పకపోతే 15 అని ఉన్నచోట 13 చేసుకోండి, 26 దగ్గర పడుతుంది.

మేం గట్టిగా చెప్పేది పేకముక్కల పద్ధతి.

(తెర: పేకకట్ట నుంచి ముక్కలు వేరుచేస్తున్న చేతులు.)

ఆఠీనులో ఆసు నుంచి పది దాకా తీయండి. ఇస్పేటులో ఆసు నుంచి పది దాకా తీయండి. మొత్తం ఇరవై ముక్కలు. ఎర్రముక్క వస్తే దాని అంకె దానిదే. నల్లముక్క వస్తే పది కలపండి. ఇస్పేటు నాలుగు అంటే 14, ఇస్పేటు పది అంటే 20. రంగు వదిలేస్తే అదే కట్ట పది ముఖాల పాచిక. తొమ్మిదీ పదీ వస్తే మళ్లీ తీస్తే ఎనిమిది ముఖాల పాచిక. ఆరు ముఖాలకి లూడో పాచిక ఉండనే ఉంది. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: తీసిన ముక్కని ప్రతిసారీ కట్టలో పెట్టి కలపాలి. పక్కన పెట్టేస్తే అయిపోయిన అంకెలేవో అందరికీ తెలిసిపోయి, "ఇంక ఇరవై మిగిలే ఉంది, నేనే తీస్తా" అని లెక్కలు మొదలవుతాయి. వానాకాలం ముక్కలు అంటుకుపోతుంటే కాస్త టాల్కం పౌడరు రాసి గుడ్డతో తుడవండి.

మరి గవ్వల్ని పారేయాలా? అక్కర్లేదు, ఆటగాళ్ల పాత్రలకి గుర్తులు అవే. చింతపిక్కలు శత్రువులు. గచ్చు మీద గీసిన ఒక్కో గడి అయిదు అడుగులు. మనిషి నడక ఒక వంతుకి ముప్ఫై అడుగులు, అంటే ఆరు గడులు.

పాత్రకి ఆరు గుణాలు: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, మాటకారితనం. 15, 14, 13, 12, 10, 8 ఈ ఆరు అంకెల్ని మీకు నచ్చినట్టు పంచుకోండి. ఏ గుణం నుంచైనా పది తీసేసి సగం చేసి, భిన్నం వస్తే కిందికి దించితే దాని అదనం వస్తుంది. 15కి +2, 12కి +1, 8కి -1. మీకు అలవాటున్న పనికి మొదటి స్థాయిలో ఇంకో +2. పాచికకి ఇది కలిపి, సూత్రధారి మనసులో పెట్టుకున్న కష్టం అంకెని, అంటే డీసీని అందుకుంటే పని అయినట్టు. దీన్నే పరీక్ష అంటారు. 10 తేలిక, 15 నడిమి, 20 కష్టం.

పాత్ర పూర్వకథ రెండు వాక్యాలు దాటనివ్వకండి. నాలుగు పేజీలు రాసుకొచ్చినవాడు మొదటి మొసలికే పోతే ఆట మీదే అలుగుతాడు.

(తెర: డెల్టా పటం. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ చీలిక. వశిష్ఠ నుంచి వైనతేయ.)

కథకి మంచుకొండలు, రాతికోటలు వెతుక్కోనక్కర్లేదు. మనకి తెలిసిన చోటు పెడితే సూత్రధారికి వర్ణన నోటికొస్తుంది. ఈ మొదటి కథ ఇది: వరద పెరుగుతోంది, పంటు ఆగిపోయింది, లంకలో ఉన్న మంత్రసానిని రాత్రికి ఏటిగట్టు చేర్చాలి. పాడుబడ్డ రేవులో ఏదో కాచుకుని ఉంది.

ఈ కథకి గడియారం గోదారే ఇస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. మొదటికీ రెండోదానికీ మధ్య రెండడుగులు, రెండోదానికీ మూడోదానికీ మధ్య నాలుగు. అడుగుకో గడి చొప్పున ఆరు గడులు కాగితం మీద అందరికీ కనపడేలా గీయండి. ఆట మొదటి హెచ్చరికతో మొదలవుతుంది. రెండు గడులు నిండితే రెండో హెచ్చరిక: రేవు మునిగింది, ఈత పరీక్షలన్నిటికీ డీసీ 10 నుంచి 15కి పెరిగింది. ఆరూ నిండితే లంక మీద నిలబడే చోటు లేదు. ఆటగాళ్లు ఓ గంట విశ్రాంతి తీసుకుంటే ఒక గడి నింపండి, పని చెడితే ఒకటి నింపండి.

ఈ గడియారం ఎందుకంటే, కొత్త సూత్రధారులు చేసే అతి పెద్ద తప్పుకి మందు ఇదే. పాచిక చెడితే వాళ్లు "కుదరలేదు" అని ఆపేస్తారు. తలుపు తెరుచుకోదు, పడవ దొరకదు, కథ అక్కడే కూలబడుతుంది. పాచిక చెడినా కథ నడవాలి, పెరగాల్సింది ఖర్చు. దగ్గర నుంచి చూడండి.

(తెర: చాప మీద అయిదుగురు. లాంతరు వెలుగు. సూత్రధారి ముందు కట్ట, కాగితం.)

సూత్రధారి: "రేవు మెట్లు నాలుగు మునిగాయి. పడవ కొబ్బరితాడుతో రావిచెట్టుకి కట్టి ఉంది. తడిసి ముడి బిగుసుకుపోయింది. ఏం చేస్తావురా?"

ఆటగాడు: "ముడి విప్పుతా బావా."

సూత్రధారి: "విప్పుతావా, కోస్తావా? కోస్తే వెంటనే వస్తుంది, అవతల కట్టుకోడానికి తాడుండదు. విప్పాలంటే చురుకు పరీక్ష."

ఆటగాడు: "తాడు కావాలి. విప్పుతా." ముక్క తీస్తాడు. ఆఠీను ఏడు. "ఏడూ, చురుకు రెండూ, తొమ్మిది."

సూత్రధారి: "డీసీ 12. ముడి ఊడింది, తాడు నీ చేతిలోనే ఉంది. కానీ ఈలోగా అయిదో మెట్టు కూడా మునిగింది." గడియారంలో ఒక గడి నింపుతాడు. "నీళ్లలో ఏదో కదిలింది. నీ పక్కన కూర్చున్నావిడ చెప్పాలి, ఏం చేస్తున్నారండీ?"

మూడు సంగతులు గమనించండి. పాచిక వేయకముందే రెండు దారులూ, వాటి ధరా చెప్పాడు. చెడినా పడవ దొరికింది. వెంటనే పక్కవాళ్లకి మాట అందించాడు. కూర్చున్న వరసలోనే అడుగుతూ పోతే గొంతు పెద్దగా ఉన్నవాడు ఆటంతా ఆక్రమించడు.

ఇంకో తప్పు, ఒకే పనికి పదే పదే పరీక్ష పెట్టడం. పడవ ఎక్కడానికి ఒకటి, గెడ వేయడానికి ఒకటి, సుడి దాటడానికి ఒకటి. ఒక్కోదానికి నూటికి 65 అవకాశం ఉన్నా, మూడూ వరసగా నెగ్గే అవకాశం 27 మాత్రమే. ఏరు దాటడం ఒకే పని, ఒకే పరీక్ష.

సాయం దొరికితే రెండు ముక్కలు తీసి పెద్దది లెక్కపెట్టాలి. పరిస్థితి బాగోకపోతే రెండిట్లో చిన్నది. 12 పడాల్సినచోట మామూలుగా నూటికి 45 అవకాశం. రెండు ముక్కల్లో పెద్దదైతే దాదాపు 70, చిన్నదైతే 20. సరంగు పాత్ర గెడ పట్టుకుంటే నలుగురికీ ఎంత తేడానో చూశారుగా. ఈ ఒక్క నియమం అర్థమైతే ఆటగాళ్లు పాచికని బతిమాలడం మానేసి పరిస్థితిని మార్చుకోవడం మొదలుపెడతారు.

(తెర: గవ్వలు నాలుగు, వాటి మధ్య ఒక పెద్ద చింతపిక్క.)

రేవులో ఉన్నది మొసలి. ఎస్ఆర్‌డీలో దానికి ఏసీ, అంటే దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె, 12. హెచ్‌పీ, అంటే ప్రాణబలం, 19. కాటు వేసేటప్పుడు పాచికకి కలిపేది +4, దెబ్బ పది ముఖాల పాచికకి రెండు కలిపినంత. కరిస్తే పట్టు వదలదు, విడిపించుకోడానికి డీసీ 12. దెబ్బకి +5 ఉన్న వీరుడు దాన్ని పది దెబ్బల్లో ఏడు తగిలిస్తాడు, కాబట్టి నలుగురు కలిస్తే ఒకటి రెండు వంతుల్లో పోతుంది. అయినా తేలిగ్గా తీసుకోకండి. మొదటి స్థాయి మాంత్రికుడికి హెచ్‌పీ ఎనిమిది ఉంటే, తగిలిన కాటు సగం సార్లు వాణ్ణి పడగొట్టేస్తుంది. అందుకే ఒక్క మొసలే పెట్టండి. రెండు పెడితే మంత్రసాని లంకలోనే ఉండిపోతుంది.

హెచ్‌పీ సున్నా అంటే చావు కాదు. ఆ పాత్ర వంతు వచ్చినప్పుడల్లా ముక్క తీయాలి. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మంచికి ఒక గీత, తక్కువైతే చెడుకి ఒక గీత, 1 వస్తే చెడుకి రెండు. 20 వస్తే ఒక హెచ్‌పీతో లేచి కూర్చుంటాడు. మంచి గీతలు మూడు ముందు వస్తే ప్రాణం నిలబడ్డట్టు, చెడువి మూడు వస్తే పోయినట్టు. ఈ ముక్కలు దాచకుండా అందరి ముందూ తీయించండి. చాప మీద అంత నిశ్శబ్దం ఇంకెప్పుడూ ఉండదు.

కంప్యూటర్లో ఆడేవాళ్లకి ఒక మాట. 2023లో వచ్చిన బల్డర్స్ గేట్ 3 ఈ అయిదో ఎడిషన్ నియమాల మీదే కట్టిన ఆట. పాచిక దొర్లడం, దానికి ఏయే అదనాలు కలిశాయో తెర మీద చూపిస్తుంది కాబట్టి నేర్చుకోడానికి చాలా మంచిది. డిస్కులో 150 జీబీ చోటు కావాలి, మామూలు ల్యాప్‌టాప్ లాగలేదు. మేం ఎంత మెచ్చుకున్నా దానికో హద్దుంది: తయారుచేసినవాళ్లు ముందే రాసిపెట్టిన దారులే అందులో ఉంటాయి. మొసలికి మీ దగ్గరున్న ఎండుచేపల గంప విసిరి అటు మళ్లిస్తానంటే కంప్యూటరుకి ఆ ఆలోచన ముందే వచ్చి ఉండాలి. చాప మీద సూత్రధారి ఒక్క క్షణం ఆలోచించి, "బాగుంది, డీసీ 10, తీయి ముక్క" అంటాడు.

నియమం గుర్తురాకపోతే పుస్తకం వెతకడానికి ఒక్క నిమిషం ఇవ్వండి. దొరక్కపోతే సూత్రధారి అప్పటికి ఒకటి తేల్చేసి, కాగితం మూల రాసుకుని, ఆటయ్యాక చూడాలి. లేచేముందు ప్రతి ఒక్కరూ తమ కాగితం వెనక మూడే మూడు రాయాలి: మిగిలిన హెచ్‌పీ, చేతిలో ఉన్న వస్తువులు, ఎక్కడ నిలబడ్డారో. సూత్రధారి గడియారంలో ఎన్ని గడులు నిండాయో రాసి తేదీ వేసి, ఆ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పేకకట్టతోపాటు దాచాలి. వచ్చే ఆదివారానికి తాడు ఎవరి దగ్గరుందో ఒక్కరికీ గుర్తుండదు.