మాడ్యూల్ సంగతి కంపైలర్‌నే అడుగుదాం

సభకు నమస్కారం.

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక మాడ్యూల్, అంటే ఒక ఫైలులోని కోడు, బయటికి ఏయే పేర్లను అందిస్తుందో తెలియాలంటే ఫైలు తెరిచి ఎగుమతి జాబితా చదివితే సరిపోతుందని అనిపిస్తుంది. అయితే ఆ జాబితాలో ‘మాడ్యూల్ ఫలానా’ అన్న పదం ఒక్కటి ఉన్నా, అక్కడి నుంచి దిగుమతి అయి పరిధిలో ఉన్న పేర్లన్నీ తిరిగి బయటికి వెళ్తాయి. అవేమిటో ఈ ఫైలులో ఎక్కడా రాసి ఉండదు. కంపైల్ అయ్యేటప్పుడే కొత్త కోడును తయారుచేసే టెంప్లేట్ హాస్కెల్ పుట్టించే నిర్వచనాలైతే ఏ ఫైలులోనూ కనబడవు. అందుకే మాడ్యూళ్లను పరిశీలించే పనిముట్టు రాసేవారు కోడును చదివి దాని నిర్మాణాన్ని గుర్తించే సొంత పార్సర్ జోలికి పోకుండా, హాస్కెల్ కోడును మెషీన్ కోడ్‌గా మార్చే జీహెచ్‌సీ కంపైలర్‌ను లైబ్రరీగా పిలిచి దానినే అడగాలని నా గట్టి అభిప్రాయం. డాక్యుమెంటేషన్ తయారుచేసే హ్యాడక్, ఎడిటర్లకు తోడ్పడే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్ నడిచేది ఈ దారిలోనే.

ముందుగా కంపైలర్ లైబ్రరీ డైరెక్టరీ చూపించి సెషన్, అంటే కంపైలర్‌తో మన సంభాషణ, తెరవాలి. ఫ్లాగులలో, అంటే కంపైలర్ అమరికలలో, ఏమీ మార్చకపోయినా వాటిని చదివి మళ్లీ అమర్చాలి, ఎందుకంటే ప్యాకేజీల సమాచారం సిద్ధమయ్యేది ఆ అడుగులోనే. తరువాత టార్గెట్లను, అంటే పరిశీలించాల్సిన మాడ్యూళ్లను, చెప్పి లోడ్ చేయిస్తే ఏ మాడ్యూల్ దేనిని దిగుమతి చేసుకుంటుందో చూపే మాడ్యూల్ గ్రాఫ్ చేతికి వస్తుంది. పరిశీలన మాత్రమే కావాలనుకుంటే మెషీన్ కోడ్ ఉత్పత్తిని ఆపివేయవచ్చు.

ఇక అసలు విషయం, ఏ ప్రశ్న ఏ దశలో అడగాలన్నది. పార్స్ అయిన చెట్టులో, అంటే కోడు నిర్మాణాన్ని కొమ్మలుగా చూపే రూపంలో, పేరు కేవలం అక్షరాల వరుస. ఒకే ఫైలులో, హాస్కెల్ మామూలుగా తానే దిగుమతి చేసే ప్రెలూడ్ మాడ్యూల్ నుంచి వచ్చిన ‘లుకప్’ ఫంక్షన్, డేటా.మ్యాప్ అనే లైబ్రరీ మాడ్యూల్ నుంచి వచ్చిన ‘లుకప్’ రెండూ ఉంటే, ఏది ఏ నిర్వచనానికి చెందుతుందో ఆ చెట్టు చెప్పలేదు. పేర్ల పరిష్కారం, టైప్ తనిఖీ పూర్తయ్యాక మాత్రం ప్రతి పేరుకూ తనదైన గుర్తింపు, నిర్వచించిన మాడ్యూల్ జతపడతాయి. అప్పుడు రెండవ ‘లుకప్’ నిజానికి డేటా.మ్యాప్.ఇంటర్నల్‌లో పుట్టిందని కూడా తెలుస్తుంది. ఒక ఫంక్షన్‌ను ఎవరెవరు వాడుతున్నారో, దాన్ని తీసివేస్తే ఏది విరుగుతుందో నమ్మకంగా చెప్పగలిగేది ఈ గుర్తింపు ఉన్నప్పుడే. కేవలం కోడు అమరికను చూడాలంటే పార్స్ దశ చాలు, అంతకు మించి ఖర్చుపెట్టనక్కరలేదు.

ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల మాడ్యూళ్ల నుంచి ఇంత ఆశించకూడదు. వాటికి సాధారణంగా కంపైలర్ ముందే రాసిపెట్టిన సారాంశం, అంటే ఇంటర్‌ఫేస్ ఫైలే ఆధారం కనుక ఎగుమతులు, టైపులు, ఇన్‌స్టెన్సులు (టైప్ క్లాసులకు ఒక్కో టైపు ఇచ్చే అమలులు) దొరుకుతాయి గానీ మూలకోడు చెట్టు దొరకదు.

కంపైలర్‌ను లైబ్రరీగా పిలిచేందుకు వాడే ఈ ఏపీఐ నిలకడైనది కాదు. 2021లో వచ్చిన 9.0 వెర్షన్‌లో కంపైలర్ అంతర్గత మాడ్యూళ్ల పేర్లే పెద్దఎత్తున మారిపోయాయి. కాబట్టి కంపైలర్‌తో మాట్లాడే కోడునంతా ఒకేచోట ఉంచి, మిగతా ప్రోగ్రామ్‌కు మన సొంత డేటా టైపులను మాత్రమే అందించడం మేలు.

టెంప్లేట్ హాస్కెల్ వాడే మాడ్యూల్‌ను టైప్ తనిఖీ చేయించడమంటే అందులోని కోడును నడిపించడమే. మెషీన్ కోడ్ వద్దన్నా దానికి అవసరమైన మేరకు కంపైలర్ ఉత్పత్తి చేసి నడుపుతుంది. ఎవరు రాశారో తెలియని ప్రాజెక్టును పరిశీలించేటప్పుడు మన ఫైళ్లూ, నెట్‌వర్కూ అందని ప్రత్యేక పరిసరంలోనే ఆ సెషన్ తెరవాలి.