పెద్ద కన్సల్టింగ్ ఫర్మ్‌లో ఉద్యోగం: చేరాలా, వద్దా?

హాయ్ అందరికీ. పెద్ద కన్సల్టింగ్ ఫర్మ్ (అంటే వేరే కంపెనీలకి సలహాలిచ్చే సంస్థ) నుంచి ఆఫర్ వచ్చింది, చేరమంటారా అని చాలామంది అడుగుతున్నారు. అలాంటి ఒక ఫర్మ్‌లో పనిచేసి బయటికొచ్చాను కాబట్టి, నాకు తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ముందు యుటిలైజేషన్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఉద్యోగంలో మంచైనా చెడైనా చాలావరకు దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ ఫర్ములు అమ్మేది మనుషుల టైమ్‌ని. వారంలో 40 గంటలకి 32 గంటలు క్లయింట్‌కి బిల్ అయితే మీ యుటిలైజేషన్ 80 శాతం. ట్రైనింగ్‌కి వెళ్లినా, ప్రపోజల్ రాసినా, కొత్తవాళ్లకి పని నేర్పినా ఆ గంటలు సాధారణంగా అందులోకి రావు. పార్ట్‌నర్లు, అంటే ఫర్మ్‌లో వాటా ఉన్న పైవాళ్లు, కొత్త పని తేవాలి కాబట్టి వాళ్ల టార్గెట్ తక్కువ ఉంటుంది, జూనియర్లది బాగా ఎక్కువ. ఒక ప్రాజెక్ట్ అయిపోయి ఇంకోటి దొరక్కపోతే బెంచ్ మీద ఉంటారు. జీతం వస్తోందిగా, హాయే కదా అని బయటివాళ్లు అనుకుంటారు కానీ, వారాలు గడిచేకొద్దీ రేటింగ్ ఏమవుతుందో, అసలు ఉద్యోగం ఉంటుందో లేదో అని మామూలు టెన్షన్ కాదు.

నాకు బాగా కోపం తెప్పించింది మాత్రం టైమ్‌షీట్, అంటే ఏ పనికి ఎన్ని గంటలు పెట్టామో రాసే లెక్క. ఫిక్స్‌డ్ ఫీజు ప్రాజెక్టుల్లో గంటల బడ్జెట్ ముందే రాసేస్తారు. పని దాన్ని దాటిపోయినా, బడ్జెట్‌లో ఉన్న గంటలే వేయమని నా మేనేజర్ చెప్పేవాడు. రాత్రిళ్లు చేసిన పని ఎక్కడా కనపడదు, పైగా అదే తప్పుడు లెక్క చూసి తర్వాతి ప్రాజెక్ట్‌కి కూడా అంతే మందిని, అన్నే గంటలని ఇస్తారు. మీరు మాత్రం చేసిన గంటలు చేసినట్టు మీ దగ్గరైనా రాసి పెట్టుకోండి.

మరి మంచి లేదా అంటే, చాలా ఉంది. ఇవాళ బ్యాంక్, రేపు హాస్పిటల్, ఆ తర్వాత ఫ్యాక్టరీ, ఇంత తక్కువ టైమ్‌లో ఇన్ని రకాల వ్యాపారాలు లోపలి నుంచి చూసే అవకాశం ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు. గజిబిజిగా ఉన్న సమస్యని ముక్కలు చేసి, ఏది ముందు తేల్చాలో చూడటం, పెద్దవాళ్ల ముందు తడబడకుండా ఒక్క స్లైడ్‌లో విషయం చెప్పడం, ఇవి నాకు అక్కడే వచ్చాయి, ఇప్పటికీ అవే ఉపయోగపడుతున్నాయి. పాత కొలీగ్స్ తలా ఒక కంపెనీకి వెళ్తారు కాబట్టి తర్వాత ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఆ పరిచయాలు నిజంగా పనికొస్తాయి.

ప్రమోషన్ల సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. స్ట్రాటజీ ఫర్ముల్లో (కంపెనీ ఏ దారిలో వెళ్లాలో దాని పెద్దలకి సలహా ఇచ్చేవి) 'అప్ ఆర్ అవుట్' అని ఒక పద్ధతి ఉంది, అనుకున్న టైమ్‌కి పైకి వెళ్లకపోతే బయట ఉద్యోగం చూసుకోమంటారు. అన్నిచోట్లా అంత కఠినంగా ఉండదు. కానీ మేనేజర్ స్థాయి దాటాక ఎక్కడైనా పని స్వభావమే మారిపోతుంది, బాగా చేసేవాళ్ల కంటే బాగా అమ్మేవాళ్లే కావాలి. పని చేయడమే ఇష్టమైనవాళ్లకి అక్కడ ఊపిరాడదు. ఇంకోటి, సలహా ఇచ్చి వచ్చేస్తాం, అది అమలైందో లేదో చాలాసార్లు మనకి తెలియదు కూడా. నాకు అది పెద్ద వెలితి.

ఆడిట్ కూడా చేసే డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ లాంటి చోట్ల మీ షేర్ల మీద కూడా రూల్స్ ఉంటాయి. 2001లో అమెరికా ఎనర్జీ కంపెనీ ఎన్రాన్ దివాలా తీసి, 2002లో దాని ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ కూలిపోయాక ఆడిటర్ల స్వతంత్రత (లెక్కలు చూసే కంపెనీలో సొంత లాభం ఉండకూడదనేది) మీద నిబంధనలు బిగించారు. మీకో, మీ జీవిత భాగస్వామికో షేర్లు ఉంటే చేరకముందే కనుక్కోండి.

నా అభిప్రాయం అడిగితే, కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకి, ఏ రంగమో ఇంకా తేల్చుకోనివాళ్లకి చేరమనే చెప్తాను. ఇంట్లో చిన్నపిల్లలో, చూసుకోవాల్సిన పెద్దవాళ్లో ఉంటే, ముందు ప్రయాణాలు ఎంత ఉంటాయో గట్టిగా అడగండి. ఫర్మ్ పేరు చూసి ఆగిపోవద్దు, ఒకే ఫర్మ్‌లో రెండు టీములకి పోలికే ఉండదు. ఏ ప్రాక్టీస్‌లో (ఫర్మ్‌లోని విభాగం) వేస్తున్నారు, యుటిలైజేషన్ టార్గెట్ ఎంత, బెంచ్ మీద ఎన్నాళ్లు ఉండనిస్తారు, ప్రాజెక్ట్‌కి మనుషుల్ని ఎవరు ఎంచుకుంటారు, ఇవన్నీ అడగండి. హెచ్‌ఆర్ సరిగ్గా చెప్పకపోతే, ఆ టీమ్‌లో ఇప్పుడు పనిచేస్తున్న జూనియర్‌తో ఒక్కసారి మాట్లాడించమనండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.