చెడు వార్త వినగల కుర్చీ

సభకు నమస్కారం.

‘రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా’ అన్న సామెత మనందరికీ తెలుసు. అధికారం గురించి మన ఊహ చాలావరకు ఆ సామెత దగ్గరే ఆగిపోయింది. పైన ఒకరు తలచుకుంటారు, కింద ఉన్నవారు అనుభవిస్తారు. నాకు మాత్రం అందులో ఒక వెలితి కనిపిస్తుంది. తలచుకునే ముందు ఆ రాజు చెవిన ఏం పడింది? ఎవరు చెప్పారు? ఎవరు నోటి దాకా వచ్చిన మాటను మింగేశారు? ఈ రోజు నేను మాట్లాడదలచింది దాని గురించే.

1986 జనవరి 27 రాత్రి. మరునాడు ఉదయం చాలెంజర్ అంతరిక్ష నౌక బయలుదేరాలి. దాని ఘన ఇంధన రాకెట్లను తయారు చేసిన సంస్థ ఇంజనీర్లు, నాసా అధికారులు ఫోనులో సమావేశమయ్యారు. రాకెట్ భాగాలను కలిపిన అతుకుల దగ్గర వేడి వాయువులు బయటికి రాకుండా ఆపడానికి రబ్బరు వలయాలు ఉంటాయి. చలిలో అవి బిగుసుకుపోయి అతుకును సరిగా మూయలేవని, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగం వద్దని ఇంజనీర్లు వాదించారు. వారిలో ఒకరైన రోజర్ బోయిజోలీ ఆరు నెలల ముందే, 1985 జూలైలో, ఈ ప్రమాదం గురించి తన పైవారికి రాతపూర్వకంగా తెలియజేశారు. ఆ రాత్రి నాసా వైపు నుంచి అసహనం వినిపించింది. సంస్థ పెద్దలు ఫోను పక్కన పెట్టి కాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. ఇంజనీర్ టోపీ తీసేసి మేనేజర్ టోపీ పెట్టుకోమని ఒక పెద్ద మరొకరితో అన్నట్టు విచారణలో బయటపడింది. చివరికి సరే అన్నారు. మరునాడు నేల విడిచిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది. ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు.

తర్వాత విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ తేల్చిన వాటిలో ఒక విషయం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. ప్రయోగానికి తుది నిర్ణయం తీసుకున్న వారికి, ముందు రాత్రి ఇంజనీర్లు వద్దన్న సంగతే తెలియదు. మాట బయలుదేరింది, దారిలోనే ఆగిపోయింది. ఆ దారిలో ఉన్నవాళ్లలో ఎవరూ క్రూరులు కారు. తేదీ తప్పకూడదన్న తొందర ఒకరికి, పైవారిని నొప్పించకూడదన్న జంకు మరొకరికి ఉన్నాయి. ఒక్కొక్క మెట్టు దగ్గర ప్రమాదం కొంచెం కొంచెం అరిగి, పై మెట్టు చేరేసరికి ఏమీ మిగల్లేదు. ‘మాకు తెలియదు’ అన్న మాట నిజమే కావచ్చు. కానీ తెలుసుకునే దారి తెరిచి ఉంచడం ఆ కుర్చీ పనుల్లో మొదటిదని నేను నమ్ముతాను. అది చేయని నాయకుడికి మిగతా పనులెన్ని చేతనైనా ప్రయోజనం లేదు.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు రాళ్ల మీద చెక్కించిన పద్నాలుగు ప్రధాన శాసనాల్లో ఆరవది మీకు వీలైతే తప్పక చదవండి. గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ఉద్యానవనంలో ఉన్నా సరే, ప్రజల విషయాలు ఎప్పుడైనా తనకు నివేదించవచ్చని అందులో ఆయన చెబుతాడు. ఇంకో సంగతి కూడా ఉంది. తాను నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞ గురించి పరిషత్తులో వివాదం వస్తే, అది కూడా వెంటనే తనకు తెలియజేయాలట. తన మాట మీద వచ్చిన భేదాభిప్రాయాన్ని తన దగ్గరకే తెమ్మంటున్నాడు. తన శ్రమ అంతా ప్రాణులకు తాను పడిన ఋణం తీర్చుకోవడానికే అని కూడా అంటాడు. కళింగలో లక్ష మంది చనిపోయారని తానే మరో శాసనంలో రాయించుకున్న మనిషి ఆయన. చేసిన హింసను దాచకుండా చెప్పుకున్నవాడు ‘ఋణం’ అన్నప్పుడు ఆ మాటకు బరువుంటుంది. ఇవ్వడానికి వచ్చానని చెప్పే నాయకుల్ని మనం చాలామందినే చూశాం. బాకీ ఉన్నానని చెప్పినవారు అరుదు.

నేనూ ఒకప్పుడు ఒక చిన్న సంఘానికి కార్యదర్శిగా మూడేళ్లు పనిచేశాను. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను. పదవి దిగిన తర్వాత ఒక పెద్దాయన చాలా మెల్లగా, ‘మీరు అడగలేదు బాబూ, మేము చెప్పలేదు’ అన్నారు. అది నింద కాదు, ఉన్న మాట. ఆ మూడేళ్ల నిశ్శబ్దాన్ని నేను సంతృప్తి అనుకున్నాను.

ఇక రెండో వైపు చూద్దాం. జనబలం అనగానే కిక్కిరిసిన వీధులు, నినాదాలు గుర్తొస్తాయి. అవి కావాలి, కాదనను. కానీ నేను గౌరవించే జనబలం ఎక్కువగా ఓర్పుతో చేసే చిన్న పనుల్లో ఉంది. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీలో తెల్లజాతి ప్రయాణికుడికి బస్సు సీటు వదలనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళను అరెస్టు చేశారు. జో ఆన్ రాబిన్సన్ అనే కళాశాల అధ్యాపకురాలు ఆ రాత్రంతా మేలుకుని, మరి కొందరి సాయంతో వేల కరపత్రాలు అచ్చు తీశారు. సోమవారం నుంచి నల్లజాతి ప్రజలు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు! వానలోనూ ఉద్యోగాలకు నడిచారు, ఉన్న కార్లను పంచుకున్నారు. వంటపని చేసే జార్జియా గిల్మోర్ తోటి మహిళలతో కలిసి తినుబండారాలు చేసి అమ్మి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చేవారు. ఆ బృందానికి పెట్టుకున్న పేరుకు అర్థం ‘ఎక్కడినుంచీ రాని క్లబ్బు’. డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఎక్కడిదీ కాదని చెప్పవచ్చు, ఇచ్చినవారి ఉద్యోగాలకు ముప్పు రాదు. ఆ ఉద్యమం నుంచి ఎదిగిన 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్ పేరు ప్రపంచానికి తెలుసు. మిగతావారు రోజూ నడవకపోతే ఆయన ఎవరి తరఫున మాట్లాడగలిగేవారు?

మన దేశంలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. నాకు అది అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంస్థ 1994లో జన సున్‌వాయీలు, అంటే ప్రజా విచారణలు, మొదలుపెట్టింది. కూలి పనుల మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, సంపాదించి, ఊరి మధ్య అందరూ వినేలా గట్టిగా చదివారు. జరిగింది అంతే. కానీ ఆ కాగితాల్లో చనిపోయినవారు కూలి తీసుకున్నారు, ఊరు విడిచి వెళ్లినవారు మట్టి మోశారు. వింటున్నవారిలో చాలామందికి చదువు రాదు. అయినా ఏ పనికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో వారికంటే బాగా తెలిసిన ఆడిటరు ఎక్కడా లేడు. ‘మా డబ్బు, మా లెక్క’ అన్న వారి నినాదం పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలో గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలన్న నిబంధన చేరింది.

అధికారం చెవి మూసుకుంటే జనం ఏం చేయగలరని నన్ను తరచుగా అడుగుతారు. నేను ఈ మస్టర్ల సంగతే చెబుతాను. చెవి ఒక్కటే చోటు కాదు. పైకి వెళ్లని మాటను పక్కవారికి వినిపించవచ్చు, అందరి ముందు చదవవచ్చు.

ఆ విచారణల్లో కొందరు సర్పంచులు తప్పు ఒప్పుకుని, సొమ్మును సభలోనే తిరిగి ఇచ్చారు. కోర్టు తీర్పు చెప్పలేదు, పోలీసులు నిలబడలేదు. ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నది, మస్టరులో పేర్లున్న ఆ మనుషులే.